మంచి వంకాయలు

ఆమె వీధి మలుపులో రేకు చూరు కింద కూర్చుని వంకాయలు అమ్ముతుంది. అన్న తోటలో కాసినవి. తెల్లవారేసరికి ఆటోలో బుట్టలు దిగుతాయి. ఒక్కొక్క కాయనీ పాత గుడ్డతో తుడిచి పేరుస్తుంది.

"మందు కొట్టినవా?" అని అడుగుతారు కొందరు.

"మా అన్నయ్య తోటవమ్మా. మా ఇంట్లోనూ ఇవే."

ఎదురుగా ఆర్గానిక్ కొట్టు పెట్టారు. అక్కడి కాయలు చిన్నవి, మచ్చలవి, ధర రెట్టింపు. మేడ మీది టీచరమ్మ అక్కడ కొనుక్కుని ఈమె ముందు నుంచే వెళ్తుంది.

"ఏం టీచరమ్మా, పుచ్చు కూడా తూకంలోకే వస్తుందా?"

"పురుగు తిన్నదంటే మనమూ తినొచ్చని."

"అయితే పురుగు ఎంగిలి తింటారన్నమాట!"

ఇద్దరూ నవ్వుకునేవారు.

పోయిన ఏడాది ఈమె భర్త చనిపోయాడు. కడుపులో జబ్బు. ఎందుకొచ్చిందో చెప్పలేమన్నాడు డాక్టరు. చివరి నెలల్లో మెత్తగా ఉడికిన వంకాయ తప్ప ఏదీ ఆయన గొంతు దిగేది కాదు. ఆమె అన్నకు ఫోన్ చేసి, "ఆయన కోసం అన్నయ్యా, మంచివి చూసి పంపు" అంది. మర్నాటి నుంచి బుట్టల మీద విడిగా ఒక సంచి వచ్చేది. అందులోవి మరీ నున్నటివి. మచ్చన్నది ఉండేది కాదు.

ఈ మధ్య అన్నకు జ్వరమని తెలిసి చూడడానికి వెళ్ళింది. తోటలోనే ఇల్లు. వదిన పొయ్యి దగ్గర ఉంటే, కూరకు కాయలు తనే కోద్దామని గుమ్మం ముందున్న మడిలోకి దిగింది.

"అక్కడ కాదు అమ్మాయ్!" వదిన కిటికీలోంచి కేకేసింది. "అవి అమ్మేవి. మొన్ననే మందు పడింది. మనకి వెనకాల ఉన్నాయి, బావి పక్కన."

వెనక్కి వెళ్ళింది. కొన్నే మొక్కలు. ఆకుల నిండా చిల్లులు. కాయలు వంకర.

ఒక కాయ కోసి, దాన్ని పట్టుకునే అన్న మంచం దగ్గరికి వచ్చింది.

"ఇవి ఎప్పట్నుంచి వేస్తున్నారు?"

"ఎప్పుడూ ఉండేవేగా. పిల్లలు తింటారని."

"మరి ఆయనకి ఇవి పంపలేదేం?"

అన్న దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు. "బావకి పుచ్చులు పంపనా? ఇంటి అల్లుడికి? మేమంటే ఏదో తింటాం. నువ్వు మంచివి అడిగావు. మొక్క మొక్కా తిరిగి ఏరానే. ఒక్క పుచ్చు కూడా ఉండకూడదని..."

"ఉండకూడదని?"

"ఆ వరుసలకి ఇంకోసారి మందు కొట్టించాను."

పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన. ఎవరూ కదల్లేదు.

"దానివల్లే అని డాక్టరు అన్నాడా?" అన్నాడు అన్న.

"అనలేదు."

"మరి?"

"కాదని కూడా అనలేదు అన్నయ్యా."

భోజనానికి ఆగకుండా వచ్చేసింది.

మర్నాడు ఆటోలో బుట్టలతో పాటు అన్న కూడా దిగాడు. జ్వరం తగ్గలేదు. బావి పక్క కాయలన్నీ కోసి సంచిలో తెచ్చాడు.

"ఇక నుంచి నీకు ఇవే తెస్తానమ్మా."

"ఇప్పుడు నేనొక్కదాన్నే కదా. అన్ని ఏం చేసుకోను?"

అన్న సంచి ఆమె పక్కన పెట్టాడు. ఇంతలో పక్కింటి ముసలావిడ వచ్చి కిలో ఇమ్మంది. ఆమె సంచిలోంచి వంకర కాయలు తీసి తక్కెడలో వేసింది.

"ఇవేంటే, ఇలా ఉన్నాయి?" అంటూ ముసలావిడ బుట్టలోని నున్నటి కాయల మీదికి చెయ్యి చాచింది.

ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. ఎందుకో చెప్పాలి. అన్న పక్కనే ఉన్నాడు. చెప్పలేక, వదలలేక, అలాగే పట్టుకుని ఏడ్చింది. ముసలావిడ, ఏమైందో తెలియక, రెండో చేత్తో ఆమె తల నిమిరింది.