రెండు పైర్లకు ఒకే నిర్వచనం

మా ఆఫీసు జూబ్లీహిల్స్‌లో ఒక అద్దె బంగళా. ఓనరు ఆదివారాలు దాన్ని షూటింగులకు ఇచ్చేవాడు. సోమవారం వచ్చేసరికి నా కుర్చీ హాల్లో ఉంటే కంప్యూటరు వంటింట్లో ఉండేది. ఊరంతా ఐటీ కోర్సుల వెంట పరిగెత్తుతున్న రోజులవి. బోటనీ చదివిన నాకు కంప్యూటరు ముందు ఉద్యోగం దొరకడమే గొప్ప కాబట్టి, నోరు మూసుకుని కుర్చీ వెతుక్కునేదాన్ని.

మా పని పేరు ఒంటాలజీ. మొక్కలో ప్రతి భాగానికీ ఒక పేరు, ఒక నంబరు, ఒక నిర్వచనం ఇచ్చి, ఏది దేనిలో భాగమో చూపించే పట్టిక. వరికి ఒకటి, మొక్కజొన్నకు ఒకటి తయారుచేశాం. తరవాత క్లయింటు రెండింటినీ కలిపేయమన్నాడు. ప్రోగ్రాం నిర్వచనాలను పోల్చి, ఒకేలా ఉన్నవాటిని జంటగా చూపిస్తుంది. మనిషి చదివి ఓకే అంటే రెండూ ఒకే నంబరు కిందికి వస్తాయి.

ఆ ఓకే చెప్పే పని నా పక్క సీటు అమ్మాయిది. యూసుఫ్‌గూడ నుంచి వచ్చేది. లైట్‌మన్‌గా పనిచేసే తండ్రి సెట్లో కిందపడి మంచం పట్టాక ఆమె ఉద్యోగమే ఇంటికి ఆధారం. ఆరు నెలల ప్రొబేషన్ ఆ శుక్రవారంతో పూర్తవుతుంది.

గురువారం పొద్దున క్లయింటు నుంచి మెయిల్ వచ్చింది. మొక్కజొన్న కొసన ఉండే పూతలో అన్నీ మగపూలే. ఆడపూలు కింద పొత్తు దగ్గర ఉంటాయి. మా పట్టికలో మాత్రం ఆ పై పూతకు అండాశయం వచ్చి కూర్చుంది. ఆడ, మగ భాగాలు రెండూ ఉండే వరి పువ్వుతో దాన్ని కలిపేశారు. ఓకే చేసింది ఆ అమ్మాయి.

"నాలుగింటికి మీటింగ్. రేపు కన్ఫర్మేషన్ లిస్టు పంపాలి, ఆమె సంగతి ఇవాళే తేల్చేద్దాం," అన్నాడు టీం లీడర్ నాతో.

ఆ మొక్కజొన్న పూత నిర్వచనం తెరిచి చదివాను. ఆ వాక్యాలు నావి. ఏడాది కిందట, రోజుకు ఇన్ని నిర్వచనాలు అన్న టార్గెట్ కోసం, నేనే రాసిన వరి నిర్వచనాన్ని ఎత్తి మొక్కజొన్నలో పెట్టాను, తరవాత మారుద్దాంలే అని. ఆ తరవాత అనేది రానేలేదు. అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నవాటిని ఏ ప్రోగ్రామైనా కలుపుతుంది. చేలో లేని పోలిక నా బద్ధకంలోంచి పుట్టింది.

చెప్పేయాలి. చెబితే నన్ను లీడర్‌ని చేసి ఇస్తామన్న కొత్త టీం పోతుంది. మధ్యాహ్నం దాకా ఇదే గుంజాటన. ఎదురింట్లో షూటింగ్ జరుగుతోంది. మెగాఫోనులో "సైలెన్స్" అని వినపడినప్పుడల్లా నేను బుద్ధిగా పాటించాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"తింటలేరేందక్కా?" అంది ఆ అమ్మాయి నా బాక్సు చూసి.

"ఆకలిగా లేదమ్మా," అన్నాను.

నాలుగింటికి ముగ్గురం కూర్చున్నాం. టీం లీడర్ స్క్రీన్ మీద ఆ జంటను చూపించాడు.

"ఇది చదివే ఓకే చేశావా?"

"చదివిన సార్. రెండూ ఒక్కతీర్గ ఉండె."

"మొక్కజొన్న చేను ఎప్పుడూ చూడలేదా నువ్వు?"

ఆమె ఒళ్లో ఉన్న లంచ్ సంచిలో చెయ్యి పెట్టుకుని నా వైపు చూసింది. టీం లీడర్ పెన్ను మూత తీసి లిస్టు ముందుకు లాక్కున్నాడు.

"అది రాసింది నేనండీ," అన్నాను. "వరిది కాపీ చేసి అక్కడ పెట్టింది నేను. ఆమెది ఏమైనా తప్పుంటే అది నా తరవాతే."

ఆయన నా వైపు తిరిగాడు. "ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?"

"తెలియదండీ. అన్నీ చూస్తాను."

"చూడండి. కొత్త టీంకి ఇంకొకరిని చూసుకుంటాం," అని ఆమె పేరు కొట్టేయకుండానే పెన్ను మూత పెట్టేశాడు.

మెట్ల దగ్గర నా మీద నాకు కాస్త గౌరవం కలిగింది. ఆ అమ్మాయి థాంక్స్ చెబుతుందని ఎదురు చూశాను కూడా. ఆమె లంచ్ సంచిలోంచి మడిచిన కాగితం తీసి నా చేతిలో పెట్టింది. ఆ నిర్వచనం ఎవరు, ఏ రోజు ఎక్కించారో చూపించే ప్రింటౌట్. అందులో నా లాగిన్.

"పొద్దుగాల్నే తీసి పెట్టుకున్నక్కా."

"మరి లోపల చూపించలేదేం?"

"మీరే చెప్తరేమోనని చూసిన," అంది. మెట్లు దిగుతూ, "చెయ్యి మాత్రం సంచిలనే ఉండె," అంది.