కొండ వేషం

నా చిన్నప్పుడు అరకులో మాది కిరాణా కొట్టు. బేరమాడకుండా పక్కింటి పలకరింపు కూడా పుచ్చుకోని వంశం మాది. బళ్లో నాటకాలు నేర్పే మాస్టారు మాత్రం నా బేరాలకు లొంగేవారు కాదు. ఒకప్పుడు మైదానంలో ఊరూరా రాజు వేషాలు కట్టిన నటుడాయన. గొంతు పాడై పద్యం అందకపోయేసరికి మాకు పాఠం చెప్పడానికి వచ్చారు. నేను పులి వేషం అడిగితే, నా ఒళ్లు ఓసారి చూసి కొండ వేషం ఇచ్చారు. నాటకమంతా కదలకుండా కూర్చోవడమే నా నటన.

తెర లేచే ముందు అందరం బొమ్మల్లా ఆగిపోవాలి. ఆయన ఏ వేషాన్ని పిలిస్తే ఆ వేషమే కదలాలి. ఆ పద్ధతిని మాచేత రోజూ సాధన చేయించేవారు.

సాలూరులో ఆడటానికి జీపులో బయలుదేరాం. డ్రైవరుకు బెల్లం ముక్క లంచమిచ్చి ముందు సీటు సంపాదించాను. మాస్టారు, మిగతా పిల్లలు వెనక కూర్చున్నారు. ఘాట్ రోడ్డు మలుపులో లారీ ఎదురొచ్చింది. దారివ్వడానికి డ్రైవరు జీపును వెనక్కి పోనిచ్చాడు. వానకు నానిన అంచు విరిగి, వెనక చక్రం లోయ మీద వేలాడింది.

"బ్రేకు మీంచి కాలు తీత్తే పోతాం మాస్టారూ!" అన్నాడు డ్రైవరు. పిల్లలు కేకలు పెట్టారు. నేను అప్పటికే ఒక కాలు బయట పెట్టాను.

"ఆగు!" పోయిందనుకున్న ఆ రాజు గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో. "కొండ కదిలితే నాటకం పోతాది. కూకోరా షావుకారూ."

తక్కెడ ముందు పెరిగినవాణ్ణి, వెంటనే అర్థమైంది. నేను దిగితే ముందుభాగం తేలిపోతుంది, వెనకున్నవాళ్లు లోయలోకి పోతారు. కాలు లోపలికి తీసుకున్నాను.

"ఇప్పుడు కుందేలు. గెంతకే గుంటా, పాకు."

కుందేలు వేషం పిల్ల ఏడుస్తూనే వెనకనుంచి నా ఒడి మీదుగా పాకి దిగింది. తర్వాత నెమలి, ఆ తర్వాత పులి. ఒక్కొక్కరు కదిలినప్పుడల్లా జీపు మూలిగేది.

"మాస్టారూ, కొండ ఎప్పుడు దిగాల?" అన్నాను ఏడుపు గొంతుతో.

"నువ్వు తిన్న బెల్లమంతా ఇయ్యాల పనికొచ్చింద్రా. ఇంకాసేపు బరువుగా ఉండు."

మాస్టారు కూడా దిగారు. లారీవాళ్లు జీపు ముందుభాగానికి తాడు కట్టి బిగించాక నేను, చివరికి డ్రైవరు దిగాం.

అప్పుడు మాస్టారు బీడీ ముట్టించబోయారు. అగ్గిపుల్లలు వరసగా విరిగిపోతున్నాయి.

"మీకూ భయమేసిందా?"

"మరెయ్యదేటి? మీ ముందు భయం నా వేషం కాదు గదరా."

ఆయన పోయి చాలాకాలమైంది. మొన్న నా భార్యను ఆపరేషనుకు తీసుకెళ్తుంటే ఆమె నా చెయ్యి వదల్లేదు. "ఏటవుద్దయ్యా?" అంది. మాస్టారి విరిగిన అగ్గిపుల్లలు గుర్తొచ్చాయి. "ఏమీ కాదు, నేనిక్కడే ఉంటాను," అన్నాను నిమ్మళంగా. బుద్ధెరిగినప్పటి నుంచి ఏదో ఒకటి ఎవరికో ఒకరికి అమ్ముతూ బతికినవాణ్ణి. నా భయాన్ని మాత్రం ఇప్పటికీ ఎవరికీ అంటగట్టను.