కెన్‌సాయ్ జట్టు రెండో గోల్ కీపర్

కువానిష్ అబెనోవ్‌ను కెన్‌సాయ్ ఊళ్లో ఎరగనివాళ్లు లేరు, కానీ అతను ఆడుతుండగా చూసినవాళ్లు తక్కువ. సీసం, జింకు గనుల ఊరది. చలికాలం వచ్చిందంటే షిఫ్టు దిగిన మనిషి ఇంటికి పోయేలోగా మంచు హాకీ హాల్లో ఓసారి తొంగిచూడాల్సిందే. అక్కడ ఆడేది ఊరి జట్టు బుర్కిత్. ఆ జట్టుకు కువానిష్ రెండో గోల్ కీపర్. మొదటివాడికి ఏమైనా అయితే దిగాలి. ఏమీ కాకపోతే కాళ్లకూ ఛాతీకీ దిండ్లలాంటి కవచాలు కట్టుకుని బెంచీ చివర కూర్చోవాలి. ఆటగాళ్లు మంచు మీదికి దిగేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ అక్కడి చిన్న తలుపు తీసి వెయ్యాలి. "ఒరేయ్ తలుపూ, గొళ్లెం సరిగ్గా పడిందా లేదా చూసుకో" అని గనివాళ్లు పైవరసల నుంచి కేకేసేవారు. అతను చెయ్యెత్తి నవ్వేవాడు.

కుర్రతనంలో అతనే మొదటి కీపర్. మోకాలు దెబ్బతిన్నాక బెంచీకి చేరాడు. అలా ఎనిమిదేళ్లు గడిచాయి. ఆ వేసవిలో ఇక చాలనుకున్నాడు. సెమెయ్ నగరంలో పిల్లల హాకీ బడిలో చిన్న కీపర్లకు నేర్పే పని ఉందని కబురొచ్చింది. భార్య జనార్ అక్క కూడా ఆ ఊళ్లోనే ఉంటుంది. జనార్ చలికాలపు బట్టలు అట్టపెట్టెల్లో సర్దడం మొదలుపెట్టింది.

అతను వెళ్లి క్లబ్బు డైరెక్టరు ఓరింబాయెవ్‌కు మాట చెప్పాడు. డైరెక్టరు పాలు పోసిన టీ ఇచ్చి, నూనెలో వేయించిన బౌర్సాకు రొట్టెల పళ్లెం ముందుకు జరిపాడు. ఒప్పందం ఇంకో ఏడాది ఉందన్నాడు. ఇద్దరు కీపర్లు లేనిదే ఏ జట్టునూ మంచు మీదికి రానివ్వరు, ఇంత ఆలస్యంగా ఇంకొకణ్ని ఎక్కడ వెతకను అన్నాడు. ఆ తర్వాత, ఒంట్లో ఎలా ఉందని అడిగినట్టు, ఫ్లాట్లో వేడినీళ్లు బాగా వస్తున్నాయా అని అడిగాడు. ఆ ఫ్లాటు క్లబ్బుది. బాగా వస్తున్నాయని చెప్పి కువానిష్ ఇంటికొచ్చాడు. జనార్ అతని మొహం చూసి, పెట్టెల్లోంచి బట్టలు తీసి మళ్లీ బీరువాలో పెట్టింది.

మొదటి కీపర్ దియాస్‌కు ఇరవై ఒకటి. జైసాన్ వైపు గొర్రెలు మేపుకునే పల్లెవాడు. ఎగిరొచ్చే పక్‌ను, ఆ గట్టి రబ్బరు బిళ్లను, ఈగను పట్టినంత తేలిగ్గా పట్టేవాడు. వచ్చిన రోజు నుంచీ కువానిష్‌ను "అన్నా" అనే పిలిచాడు. ఆదివారం భోజనం వాళ్లింట్లోనే. వాళ్ల కూతురు ఇంకార్‌ను భుజాన ఎక్కించుకుని గదంతా తిప్పేవాడు. కొట్టేవాడి కర్ర చూడకు, భుజం చూడు అని కువానిష్ నేర్పితే, వారం తిరక్కుండా నేర్పినవాణ్ని మించిపోయాడు.

నవంబరులో కరగందాలో ఆట. అవతలి జట్టువాడొకడు వేగంగా వచ్చి దియాస్ మీద పడ్డాడు. వాడి మోకాలు దియాస్ తలకు తగిలింది, ఆ తల పోయి గోలు ఇనపకమ్మికి కొట్టుకుంది. దియాస్ లేచి నిలబడ్డాడు, ఆట పూర్తిచేశాడు, జట్టు గెలిచింది. మర్నాడు పొద్దున బస్సు స్తెప్పీ మైదానాల మీదుగా వస్తుంటే, మనమెక్కడికి వెళ్తున్నామని కువానిష్‌ను అడిగాడు. చెప్పిన కాసేపటికి మళ్లీ అడిగాడు. తర్వాత తన టోపీలోనే వాంతి చేసుకున్నాడు.

"డాక్టరుకు చెబుదాం పద," అన్నాడు కువానిష్.

"వద్దన్నా. కొత్త సంవత్సరం దాటాక రాజధాని నుంచి పెద్ద జట్టు మనిషి నన్ను చూడ్డానికి వస్తున్నాడు. ఇప్పుడు తలనొప్పి అన్నానంటే ఇక నా మొహం ఎవడు చూస్తాడు?"

"తల పాడైపోయాక ఏం చూపిస్తావురా వాడికి?"

"నువ్వు చెప్పవు కదూ? ఒట్టెయ్యి."

కువానిష్ ఒట్టు వెయ్యలేదు. కానీ చెప్పనూ లేదు.

చెబితే గోల్లో నిలబడేది ఎవరు? తనే. ఎనిమిదేళ్లుగా కోరుకున్నది అదే. ప్రతి ఉదయం ఇవాళ చెప్పేద్దాం అనుకుని బయల్దేరేవాడు. హాలు మెట్లెక్కేసరికి, గోల్లో తను నిలబడినట్టూ, జనం తన పేరు పిలుస్తున్నట్టూ కళ్లముందు ఆడేది. దియాస్ గురించిన భయం ముందు పుట్టిందో ఈ ఆశ ముందు పుట్టిందో అతనికే తెలిసేది కాదు. సిగ్గేసి నోరు మూసుకునేవాడు. మూసుకున్నందుకు ఇంకా సిగ్గేసేది. ఏ వైపు కదిలినా తప్పు చేసినవాడినే అవుతానని కదలకుండా కూర్చున్నాడు.

జనవరిలో రాజధాని మనిషి వచ్చాడు. ఆ పూట దియాస్ బ్రహ్మాండంగా ఆడాడు. సీజను చివర్లో మళ్లీ వస్తానని ఆయన వెళ్లిపోయాడు. ఆ ఆదివారం భోజనానికి కూర్చున్నప్పుడు దియాస్ దీపం వైపు చూడలేక కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇంకార్‌ను వేరే ఏదో పేరుతో పిలిచాడు. పిల్ల నవ్వింది. జనార్ నవ్వలేదు. అతను వెళ్లాక వంటింట్లో భర్తను నిలదీసింది. కువానిష్ బస్సు సంగతి మొదలుకొని అంతా చెప్పాడు.

"నీకు ఆడాలని ఉందా?" అని అడిగింది.

"ఉంది."

"ఉంటే ఉండనీ. దానికీ వాడి తలకీ ఏం సంబంధం? రేపే పోయి చెప్పు."

మర్నాడు కోచ్ గెన్నాదీ ల్వోవిచ్ గదికి వెళ్లి చెప్పాడు. కోచ్ మొత్తం విని దియాస్‌ను పిలిపించాడు. దియాస్ కువానిష్ వైపు చూడలేదు. "నాకేం లేదు. అన్నకు ఆడాలని ఉంది, అంతే," అన్నాడు. క్లబ్బు డాక్టరు వచ్చి, వేలు అటూ ఇటూ తిప్పి చూడమని, ముక్కు ముట్టుకోమని, బాగానే ఉన్నాడని తేల్చేశాడు. జట్టు ముందుకు పోవాలంటే ఇంకా గెలవాలి. అది ఆ గదిలో అందరికీ తెలుసు.

"విన్నావుగా. ఇక నీ చోట్లో నువ్వు కూర్చో," అన్నాడు కోచ్.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. బట్టలు మార్చుకునే గదిలో అతనితో మాట్లాడటం మానేశారు. ఒకరోజు అతని కొక్కేనికి ఎవరో ఇత్తడి తలుపుపిడి తగిలించారు. దాన్ని తీసి బల్లమీద పెట్టి స్కేట్లు కట్టుకున్నాడు. గనివాళ్లు ఇప్పుడు వేళాకోళం చెయ్యడం లేదు, అతను కనబడగానే ఈలలు వేస్తున్నారు. మళ్లీ డైరెక్టరు దగ్గరికి పోయి తనను వదిలెయ్యమని అడిగాడు. తోటివాడి కాలు లాగినవాణ్ని ఏ ఊరు తీసుకుంటుందయ్యా అని నవ్వాడు డైరెక్టరు. ఆడనివ్వరు, పోనివ్వరు. ప్రతి ఆటకూ కవచాలు కట్టుకుని రావాలి, అదే బెంచీ, అదే మూల. దియాస్‌కు ఎడమ నుంచి వచ్చే పక్ సరిగా కనబడటం లేదని అక్కణ్నుంచి స్పష్టంగా తెలిసేది. అటు నుంచి ఎవడైనా కొడితే కూర్చున్నచోటే కువానిష్ ఒళ్లు ఉలిక్కిపడేది. పక్కనున్నవాడు కాస్త దూరం జరిగేవాడు.

ఫిబ్రవరిలో లీగు చివరి ఆట. గెలిస్తే పై దశకు పోతారు. హాలు కిక్కిరిసింది. రాజధాని మనిషి కూడా వచ్చి కూర్చున్నాడు. మూడు భాగాల ఆటలో రెండు ముగిసేసరికి చెరి రెండు గోల్స్. విరామం తర్వాత జట్లు వైపులు మార్చుకోవాలి. దియాస్ మాత్రం అంతకుముందు నిలబడ్డ గోలు వైపే వెళ్లి, అవతలి జట్టు కీపర్ పక్కన నిలబడి, స్కేట్లతో మంచు గీకడం మొదలుపెట్టాడు. జనం ఘొల్లున నవ్వారు. ఆ కీపర్ కూడా నవ్వాడు. దియాస్ మొహం దగ్గరగా చూశాక ఆపేశాడు. కోచ్ పేరు పెట్టి అరిచాడు. దియాస్ తల తిప్పి, ఎవరిని పిలుస్తున్నారో తెలియనట్టు చిరునవ్వు నవ్వాడు.

కువానిష్ మాస్కు తగిలించుకుని మంచు మీదికి దిగాడు. ఎవరూ దిగమనలేదు. మైదానం దాటి వెళ్లి దియాస్ మోచెయ్యి పట్టుకున్నాడు.

"పద తమ్ముడూ."

"ఎక్కడికన్నా?"

"ఇంటికి."

"గెలిచామా?"

"పద, చెబుతాను."

దియాస్‌ను అంబులెన్సులో తీసుకుపోయారు. ఇక వేరే దారిలేక కోచ్ కువానిష్‌ను గోల్లోకి పంపాడు. ఎనిమిదేళ్లుగా ఆటలో నిలబడని మోకాలు మొదటి దెబ్బకే పక్కకు పోయింది. మూడు గోల్స్ వదిలేశాడు. బుర్కిత్ ఓడిపోయింది. సీజను అక్కడితో సరి.

తలలో రక్తం కొద్దికొద్దిగా చేరుతూ వచ్చిందని ఉస్కెమెన్ ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది. కువానిష్ చూడ్డానికి వెళ్లేసరికి దియాస్ తల్లి వసారాలో బెంచీ మీద కూర్చుని ఉంది.

"నీకు ముందే తెలుసంట కదా నాయనా?" అంది.

"తెలుసమ్మా."

"ఎప్పట్నుంచి?"

"నవంబరు నుంచి."

ఆమె ఫ్లాస్కులోంచి టీ వంచి అతనికిచ్చింది. ఆమె ఎదుట వదల్లేక చివరిదాకా తాగాడు.

జట్టులో ఎవరూ క్షమించమని అడగలేదు. కెప్టెన్ ఒక్కడు దార్లో ఎదురైతే చెయ్యి కలిపాడు. గెన్నాదీ ల్వోవిచ్ వేరే ఊరి జట్టుకు వెళ్లిపోయాడు. మే నెలలో డైరెక్టరు పిలిచి, క్లబ్బు తలుచుకుంటే ఒప్పందం ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చని, ఇప్పుడు ఉన్న ఒకే ఒక్క కీపర్ నువ్వేనని చెప్పాడు. సెమెయ్ బడిలో పని అప్పటికే ఎవరికో పోయింది. అలా కువానిష్ మొదటి కీపర్ అయ్యాడు. కోరుకున్నది దక్కించుకున్నాడని ఊళ్లో అన్నారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా జనార్ కొట్లాటకు సిద్ధమయ్యేది. కువానిష్ ఆపేవాడు. అబద్ధమని చెప్పడానికి అతనికి నోరు వచ్చేది కాదు.

అక్టోబరులో దియాస్ హాలుకు వచ్చాడు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని జనార్ పక్కన కూర్చుని ఆట చూశాడు. పల్లెలో అన్న గొర్రెల దగ్గర ఉంటున్నానని, ఎక్కువసేపు చదవలేనని చెప్పాడు. ఇక హాకీ ఆడలేడు. ఆట అయ్యాక ఇంటికి తీసుకొచ్చి, మాంసం కూరి ఆవిరి మీద ఉడికించిన మంతీలు వడ్డించారు. తింటూ తింటూ మాట కోసం కాసేపు తడుముకుని, "ఎడమ కాలు ఆలస్యంగా వేస్తున్నావన్నా," అన్నాడు.

"ఆ మోకాలు వంగదురా."

"వంగకపోతే ముందే కిందికి దిగి కాచుకో. నిలబడి చూస్తున్నావు."

కువానిష్ పళ్లెం పక్కకు జరిపి, ఎలాగో చూపించమన్నాడు. దియాస్ తివాచీ మీద మోకాళ్లు ఆనించి చూపించాడు. మర్నాడు పొద్దున్నే జట్టు బస్సు తర్వాతి ఆటకు పావ్లోదార్ బయల్దేరాలి. జనార్ అప్పటికే సంచి సర్ది గుమ్మం దగ్గర పెట్టింది.