వరదప్ప వడపోత గుడ్డ

యుద్ధం ముగిశాక మద్రాసులో దొరలు వేలం వేసిన సైన్యపు లారీని, ఉన్న రెండు మగ్గాలూ అమ్మిన డబ్బుతో కొని గుడియాత్తం నేతవీధికి తెచ్చుకున్నాడు వరదప్ప. వారానికి రెండుసార్లు వేలూరికి శెనక్కాయ మూటలు తోలేవాడు. తక్కిన రోజులు దాని కిందే పడుకుని మరలు బిగించేవాడు. అన్నం కలిపే వేళ్ల గోళ్లలో నల్లటి జిడ్డు కనబడితే భార్య అమరావతి ముఖం పక్కకు తిప్పుకునేది. పెట్రోలు డబ్బాల్లో తుప్పు రాలుతుందని గుడ్డలో వడగట్టి పోసేవాడు. నేతగాడి బుద్ధి అక్కడ మాత్రం మిగిలింది. ఏ గుడ్డనైనా రెండు వేళ్ల మధ్య నలిపి, "ఇది పలచన, నలుసు దిగిపోతాది" అని విసిరేసేవాడు.

అతని తల్లి రాజాంబాళ్, చూపు పోకముందు, తన శవం మీద కప్పడానికని తానే ఒక తెల్లగుడ్డ నేసి పెట్టెలో దాచుకుంది. ఒకనాడు దాన్ని తీసి తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏంది నాయనా, నా గుడ్డకు బండి కంపు? దీని కొన యాడ పోయింది?"

"మూరెడే కోసినానమ్మా. ఇంత దట్టంగా ఇంకెవురు నేస్తారు? నువ్వు నిద్రపోతా ఉంటే జాన పెట్టి నిన్ను కొలిచే కోసినా. చాలతాది లే."

మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. అమరావతికి అతని ముఖాన ఉమ్మాలనిపించింది.

ముసలామె గుడ్డను ఒళ్లో పరుచుకుని, "సరే లేరా, చాలకపోతే కాళ్లు ముడిచి పండబెట్టండి" అంది.

కాళ్లు ముడిస్తే ఇంకెంత మిగులుతుందోనని, వరదప్ప చెయ్యి అప్పుడే ఆ గుడ్డ మీద జానలు వేయసాగింది.