తెల్ల వైను జాడీలో నేను వేసిన ఉప్పు

చేతిలో పని అట్లా పక్కన పెట్టి, నా దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది నేను చేసిన తప్పు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

డెబ్బైల్లో సంగతి. పుంగనూరులో పుట్టిన నేను కుప్పం రైల్వే క్వార్టర్సుకు కాపురానికి వచ్చాను. మా ఆయన డ్యూటీకి పోతే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. పిల్లలు లేరు. రైలు వెళ్లిపోయాక ఆ ఇంట్లో గడియారం చప్పుడు ఒక్కటే మిగిలేది. నన్ను పలకరించే మనిషి పక్క పెంకుటింటి దొరసానమ్మ ఒక్కతే. ఆంగ్లో-ఇండియన్ ఇంజను డ్రైవరు భార్య. భర్త చనిపోయి అప్పటికే చాలా ఏళ్లయింది.

ఏటా ఎండాకాలం మొదట్లో ఆమె తెల్ల ద్రాక్షతో వైను పెట్టేది. పండ్లు చిక్కబళ్ళాపురం దిక్కు నుంచి వచ్చేవి.

"ఆడ పగలు ఎండ, రాత్రి చల్లన. అందుకే పండు తియ్యగా ఉండి, కడాన రవ్వంత పులుపు తగులుతాది" అనేది.

ఆ వైను క్రిస్మస్ మధ్యాహ్నానికి. మిరియాలు, నిమ్మరసం మాత్రం పట్టించి వేయించిన చేపలు, రెండు కంచాలు, రెండు గ్లాసులు. రెండో గ్లాసు పోయిన ఆయనకు. ఒకసారి నేను చేపల పులుసు పట్టుకుపోతే పకపకా నవ్వింది.

"నీ పులుసు మింగినాక వైను కాదు, కిరసనాయిలు తాగినా తెలీదు పోమ్మే!"

కారం లేని నా ఉద్దివడలు, అదే మినపవడలు, మాత్రం ఆ వైనుకు బాగా పడతాయనేది. నేను వైను నోట పెట్టలేదు గానీ, ఆమె ఆ మాటంటే నాకు కడుపు నిండేది.

ఒక ఏడు జాడీ పెట్టిన నాలుగో రోజే ఆమెకు ఆయాసం ముదిరి, మదనపల్లె ఆస్పత్రికి పోవాల్సి వచ్చింది.

"దినామూ ఒకతూరి చెక్క గరిటెతో తిప్పి గుడ్డ కట్టు. ఇంకేమీ సేయొద్దు. నిన్ను నమ్మి పోతాండాను" అంది.

నాలుగు రోజులు తిప్పాను. ఐదో రోజు మీద తెల్లటి నురగ, బుసబుసమని చప్పుడు, పుల్లటి వాసన. చెడిపోతోందనుకున్నాను. మా అమ్మ ఊరగాయ మీద తెల్లగా తేలితే ఉప్పు కలిపి ఎండలో పెట్టేది. నేనూ రెండు గుప్పెళ్లు కల్లుప్పు వేసి, జాడీని పెరట్లో రెండు రోజులు ఎండలో పెట్టాను. కాపాడానని మురిసిపోయాను.

మూడు వారాలకు ఆమె వచ్చి, చెంచాతో రుచి చూసింది.

"ఉప్పేసినావా?"

"సెడిపోతాండాదని వేసినానమ్మా."

"పొంగితేనే కదమ్మే అది వైనయ్యేది."

తిట్టలేదు. జాడీ మునగచెట్టు మొదట్లో కుమ్మరించి తలుపు వేసుకుంది. గోడ అవతల ఆమె దగ్గు వినపడుతూనే ఉండేది. వడలు పట్టుకుని రెండుసార్లు గుమ్మంలో నిలబడ్డాను. "కడుపు నిండుగా ఉండాది" అంది లోపలి నుంచే. పదకొండో రోజు తనే వచ్చింది.

"ఏమ్మే, చక్కెర ఉండాదా?"

నేను ఏడ్చేశాను.

మాటలు మళ్లీ కలిశాయి. ఆ క్రిస్మస్‌కు మాత్రం రెండు గ్లాసుల్లోనూ నీళ్లే పోసింది. మరుసటి ఎండాకాలం అడిగాను, ద్రాక్ష తెప్పించలేదేమని.

"ఒంటిదానికి యాలమ్మే అంత పని" అని ముఖం తిప్పుకుంది.

నా ఉప్పే ఆమె చేతిని ఆపిందని నాకు తెలుసు. ఆ మాట ఆమె అనలేదు, నేను కదపలేదు. ఒకే గోడకు ఇటూ అటూ ఇంకా ఆరేళ్లు ఉన్నాం.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ వాళ్లంతా ఒక్క పంక్తిలో కూర్చుని తినాలి.