గౌస్ భాయ్ పెట్టిన పరీక్ష

2018. సౌదీలోని బురైదాలో బోర్లు వేసే ఒక కంపెనీలో నేను రేడియో టెక్నీషియన్‌ని. ఎడారిలో ఫోన్ సిగ్నల్ అందని రెండు క్యాంపులతో మాట్లాడాలంటే హెచ్‌ఎఫ్ రేడియో ఒక్కటే దారి. అందులో ఏ ఫ్రీక్వెన్సీ ఎప్పుడు పలుకుతుందో పూటపూటకూ మారుతుంది. ఆ మార్పును చెవితో పట్టే ఆపరేటర్ గౌస్ భాయ్, కడప మనిషి, వయసులో నాకంటే పెద్ద. అక్కడ ఉండడానికి సర్కారు ఇచ్చే ఇఖామా కార్డులో మాత్రం ఆయన వృత్తి డ్రైవర్ అని ఉండేది. నా భార్య పోయి అప్పటికి ఏడాది. రేడియో గదిలో నాతో తెలుగు మాట్లాడేది ఆయనొక్కడే.

ఆ ఏడు విదేశీ పనివాళ్ళ మీద కంపెనీ కట్టే లెవీ పెరిగింది, సౌదీవాళ్ళకే కొలువులివ్వాలనే నితాకత్ ఒత్తిడీ పెరిగింది. ఆపరేటర్ పోస్టు తీసేసి ఏఎల్‌ఈ రేడియోలు కొనాలని కంపెనీ అనుకుంది. ఏఎల్‌ఈ అంటే ఆటోమేటిక్ లింక్: రేడియో తనే ఛానళ్ళు వెతికి, బాగా వినిపించేదాని మీద అవతలి రేడియోను పిలుస్తుంది. రెండు మోడళ్ళలో ఒకటి ఎంచమని మేనేజర్ నాకు చెప్పాడు. ఇంకో రెండేళ్ళు ఉంటే ఊళ్ళో ఇల్లు పూర్తవుతుందని గౌస్ భాయ్ ఆశ.

రెండూ నూరు వాట్లవే. మాటకు రెండూ బాగున్నాయి. క్యాంపుల రిపోర్టులు కూడా ఇకమీదట రాతగా, డేటాగా వాటిలోనే రావాలి. చిన్నదాన్ని ఎంచాను. డేటా పంపి చూశావా అని గౌస్ భాయ్ అడిగాడు. ఒక మెసేజ్ పంపానన్నాను.

"ఒకటి చాలదబ్బా. మాట్లాడేటప్పుడు మనిషి ఆగి ఊపిరి తీస్కుంటాడు, ఆ సందులో రేడియో చల్లబడతాది. డేటాకు ఆగడం లేదు. ఎండలో పెట్టి వరసగా పంపు."

మధ్యాహ్నం రేకుల షెడ్డులో పెట్టి పంపాము. నేను ఎంచినది కాసేపటికే వేడెక్కి పవర్ తగ్గించుకుంది. దూరపు క్యాంపు లింక్ తెగిపోయింది. వెనక పెద్ద హీట్‌సింక్, అంటే వేడిని బయటికి తోసే లోహపు రెక్కలు, ఉన్న రెండోది నిలబడింది.

"భాయ్, మీరు చెప్పకపోతె నేను చిన్నదే రాస్తుంటి. ఎండలకు అది ఆగిపోతె మిమ్మల్నే ఉంచుకుంటుండిరి," అన్నాను.

"ఉంచుకుందురు. క్యాంపులో ఎవురికన్నా పాము కరిస్తే? నా కొలువు కోసం వాడు కాచుకోని ఉంటాడా?" నవ్వాడు. "అయినా డ్రైవర్‌కు రేడియో గదిలో పనేముందబ్బా. నా కార్డు చూడు."

రిపోర్టులో పరీక్షించినవారి గడిలో ఆయన పేరు కూడా రాశాను. డ్రైవర్ ఇఖామా మనిషి రేడియో పని చేసినట్టు కాగితం మీద ఉంటే తనిఖీలో దొరుకుతామని, ఆ పేరు కొట్టేయమని మేనేజర్ అన్నాడు. కొట్టేశాను. నెల తిరక్కుండానే గౌస్ భాయ్ ఫైనల్ ఎగ్జిట్ మీద, మళ్ళీ రాకుండా, ఊరికి వెళ్ళిపోయాడు.

కొత్త రేడియో తప్పు చేయలేదు. క్యాంపుల రిపోర్టులు స్క్రీన్ మీదికి వాటంతట అవే వచ్చేవి. రోజంతా ఆ గదిలో ఒక్క మాట వినపడని రోజులు ఉండేవి. గౌస్ భాయ్ ఏడని క్యాంపులవాళ్ళు కొన్నాళ్ళు అడిగారు, తర్వాత మానేశారు. మూడేళ్ళకు కడపలో ఆయన పోయాడని కబురు తెలిసింది. ఇల్లు పూర్తయిందో లేదో అడగలేకపోయాను.

కాటలాగ్‌లో రాసే వాట్లు మాటకు సరిపోతాయి, డేటాకు విడిగా పరీక్షించాలి. ఇది ఆయన నేర్పింది. ఇంకొకటి నేనే ఆలస్యంగా నేర్చుకున్నాను. పేరు కొట్టేయమన్నది మేనేజరే. కొట్టేసింది నేను.