తెరంతా ఒకటే బటన్

మా బాబాయికి ఒకటే జబ్బు. ఖాళీగా ఉన్న చేయి కనిపిస్తే చాలు, అందులో తన ఫోన్ పెట్టి "ఒక్కసారి నొక్కి చూడండి" అంటాడు. పళ్ళ డాక్టరు ముందు నోరు తెరుచుకుని పడుకుని కూడా ఆయన చేతిలో ఫోన్ పెట్టాడంటే ఇక చెప్పేదేముంది!

ఉద్యోగం మానేసి, ఒక్కడే కూర్చుని తయారు చేసిన యాప్ అది. బటన్ నొక్కితే చాలు, ఎక్కాల్సిన బస్సేదో, దిగాల్సిన స్టాపేదో పైకి చెబుతుంది. ఎవరైనా పొరపాటున పక్కన నొక్కారో, "తప్పు మీది కాదండీ, నాది" అంటూ ఇంటికొచ్చి మళ్ళీ మొదలుపెడతాడు. టైలరుకి అక్షరాలు ఆనలేదని బటన్ పెద్దది చేశాడు. పాలాయన వేలు లావని ఇంకా పెద్దది చేశాడు. చివరికి తెరంతా బటనే మిగిలింది.

"ఇంకేం కనపడవేంటి బాబాయ్?"

"ఇంకేం కావాలిరా?"

పిన్ని ఓపిక పట్టింది, పట్టింది, ఇక తేల్చి చెప్పేసింది. "ఈ ఆదివారం ఇది జనంలోకి వెళ్ళకపోతే, సోమవారం మీరు పాత ఆఫీసుకి వెళ్తారు." ఆ ఆఫీసు మాటెత్తితేనే బాబాయి ముఖం వాడిపోతుంది.

ఆదివారం పొద్దున అందరం లాప్‌టాప్ చుట్టూ చేరాం. విడుదల చేయబోతూ బాబాయి ఠక్కున ఆగి, గుమ్మంలో నిలబడ్డ తన అత్తగారి దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ ఒకసారి తప్పు బస్సెక్కి ఎటో వెళ్ళిపోతే ఇంటిల్లిపాదీ నవ్వారు. అప్పట్నుంచి గడప దాటలేదు, సొంత చెల్లెల్ని చూడ్డానికి కూడా.

"అత్తయ్యా, మీ ఫోన్లో వేశాను. నొక్కండి."

"నాకెందుకు బాబూ ఇవన్నీ?" అంటూనే ఆవిడ కాలింగ్ బెల్ నొక్కినట్టు నొక్కి, వేలు తీయకుండా అలాగే ఉంచింది. వేలు తీస్తేనే పలికే ఆ యాప్ కిక్కురుమనలేదు.

"చూశావా, నేను ముట్టుకుంటే చెడిపోయింది."

"మీరలాగే నొక్కండి. పలకడం దాని పని" అని బాబాయి విడుదల ఆపేసి, లాప్‌టాప్ పట్టుకుని గదిలో దూరాడు.

"అయితే రేపు ఆఫీసే!" పిన్ని కేక వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

సాయంత్రం చూస్తే ఆ పెద్దావిడ ఇంట్లో లేదు. పిన్ని కంగారుగా వీధంతా వెతికొచ్చింది. బాబాయి మాత్రం తీరిగ్గా కాఫీ తాగుతున్నాడు.

"మీకు చీమ కుట్టినట్టైనా లేదా?" అని పిన్ని విరుచుకుపడుతుంటే ఫోన్ మోగింది.

"చెల్లెలి ఇంట్లో ఉన్నానే. అల్లుడు స్టాపు దాకా వచ్చాడంతే. బస్సు ఒక్కదాన్నే ఎక్కా, ఒక్కదాన్నే దిగా!" అబ్బో, ఆ గొంతులో ఎంత దర్జా!

ఇన్నాళ్ళూ ఊరందరిచేతా నొక్కించింది ఈ ఒక్క వేలి కోసమా! బాబాయిని గట్టిగా కావలించుకోవాలనిపించింది.

"ఇదిగో, చెల్లెలు తన ఫోన్లోనూ కావాలంటోంది. ఎలాగే?"

పిన్ని కళ్ళు తుడుచుకుని మొగుడి మీద గయ్యిమంది. "ఇంకా చూస్తారేంటి? వదలండి దాన్ని!"

"ఒక్క చిన్న మార్పు..."

పిన్ని లాప్‌టాప్ లాక్కుని తనే నొక్కేసింది.

"మరి రేపు ఆఫీసు?" అన్నాను.

"ఏ ఆఫీసురా? ఈయనకి తీరికెక్కడిది?" అంది పిన్ని.